ఐదో చుట్టు

పిల్ల అరికాళ్లు తడిగా ఉన్నాయి!

ఆమె మరోసారి తడిమి చూసింది. పక్కబట్ట పొడిగా ఉంది. గౌను పొడిగా ఉంది. అరికాళ్లు మాత్రం చల్లగా, అప్పుడే ఎవరో తడిగుడ్డతో తుడిచినట్టు ఉన్నాయి. మూడేళ్ల కూతురు వెక్కుతూ ఆమె మెడ పట్టుకుని వేలాడుతోంది. ఇంట్లో అందరూ ఆ పిల్లని పిడుగు అంటారు. పరుగు ఆపి, రెండంతస్తుల మెట్లు ఎక్కి వచ్చిన తల్లికి ఆయాసం ఇంకా తగ్గలేదు. చెమట కళ్లలోకి కారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"అత్తయ్యా!"

వంటింట్లో పాలగిన్నె దగ్గర నిలబడ్డ అత్తగారు వెనక్కి తిరిగింది.

"పిల్ల కాళ్లు ఎందుకు తడిగా ఉన్నాయి?"

అత్తగారు పాలు పొంగకుండా గరిటె తిప్పింది.

"నిన్నా తడిగానే ఉన్నాయి. మొన్న చెమటేమో అనుకున్నాను. రెండు నెలల నుంచి చూస్తున్నాను... సరిగ్గా నా ఐదో చుట్టుకే పిల్ల లేస్తోంది. ఒక్కరోజు నాలుగో చుట్టుకి లేవదు, ఒక్కరోజు ఆరో చుట్టుకి లేవదు! నా కూతురు గడియారం మింగిందా అత్తయ్యా? తడిగుడ్డ పెట్టి మీరే కదా లేపుతున్నారు? చెప్పండి! నేను పరిగెత్తడం మీకు ఇష్టం లేకపోతే నా మొహం మీద చెప్పండి. నిద్రపోతున్న పసిపిల్లని ఏడిపిస్తారా?"

అత్తగారి చూపు ఒక్క క్షణం హాలు వైపు పోయింది. అక్కడ కొడుకు అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. బ్లేడు గాలిలో ఆగింది.

అత్తగారు పొయ్యి కట్టేసింది.

"అవును. నేనే లేపాను" అంది.

ఆ మాట విన్నాక కోడలు ఏమేమి అందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. పెద్ద మాటలే అంది. ఆరేళ్ల కాపురంలో మింగినవన్నీ ఆ ఉదయం కక్కేసింది. మీ కడుపున ఆడపిల్ల పుట్టి ఉంటే తెలిసేది అంది. మీరు ఇంట్లో లేకపోతేనే నా పిల్ల హాయిగా నిద్రపోతుంది అంది! అత్తగారు పాలు గ్లాసులో పోసి, చల్లార్చి, పిల్ల చేతికిచ్చి, తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. హాల్లో బ్లేడు మళ్లీ కదిలింది.

"పోనీలే, ముసలావిడ... వదిలెయ్" అన్నాడు భర్త, చెంప మీద నురగతో. "నేను మాట్లాడతాలే అమ్మతో."

ఎంత మెత్తగా అన్నాడో! ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ ఇంట్లో తనకోసం ఒక్క మనిషైనా ఉన్నాడు అనుకుంది. ఆడవాళ్లు ఇలాంటి చోటే మోసపోతారు. గొంతు పెంచేవాణ్ణి అనుమానిస్తారు, గొంతు తగ్గించేవాణ్ణి నమ్ముతారు.

ఆమె యూనిఫాంలు కుట్టే ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేస్తుంది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా కాలర్లు. ఒకరు చేతులు కుడతారు, ఒకరు జేబులు కుడతారు, ఆమె కాలర్లు కుడుతుంది. పదేళ్లుగా ఆమె కుట్టిన చొక్కా ఒక్కటి కూడా లేదు, అన్నీ కాలర్లే. చిన్నప్పుడు మాత్రం స్కూల్లో ఆమెని గాలిపటం అనేవాళ్లు. నేల మీద కాలు ఆనేది కాదని. పెళ్లయ్యాక పరుగంటే బస్సు వెనక పరుగే.

ఐదు నెలల తర్వాత ఊళ్లో పెద్ద పరుగు పందెం ఉందనీ, ఇరవై ఒక్క కిలోమీటర్లనీ, ఫ్యాక్టరీ తరపున ఆడవాళ్ల జట్టు కట్టాలని యాజమాన్యం అనుకుంటోందనీ ఒకరోజు నోటీసు అంటించారు. ఆ పందెంలో ఆ దూరం రెండు గంటల లోపు పరిగెత్తినవాళ్లని జట్టులోకి తీసుకుంటారు. జట్టులో ఉన్నవాళ్లకి ఏడాది పాటు జీతం తగ్గించకుండా రోజూ రెండు గంటలు ముందే వదులుతారు, ప్రాక్టీసు కోసం. పిల్లల్ని ఆడించే గదిలో ఆ రెండు గంటలూ బిడ్డని ఉంచుకోవచ్చు. నోటీసు చదివి మిగతావాళ్లు నవ్వుకున్నారు. ఆమె మాత్రం మూడుసార్లు చదివింది. రోజుకి రెండు గంటలు! ఎవరినీ అడగక్కర్లేని, ఎవరికీ చెప్పక్కర్లేని రెండు గంటలు...

భర్తకి చెబితే ఎగిరి గంతేశాడు. మరుసటి ఆదివారమే బూట్లు కొనుక్కొచ్చాడు. అతను ప్రెస్సులో మెషిన్ మీద ఉంటాడు. ప్రెస్సంతా చెప్పుకున్నాడు, మా ఆవిడ పరుగుల రాణి అని.

చిక్కల్లా పిల్లతోనే వచ్చింది. పొద్దున ఐదు నుంచి ఏడు దాకా తప్ప ఆమెకి ఖాళీ లేదు. అప్పుడు పిల్ల నిద్రపోతుంది. మధ్యలో లేచి అమ్మ కనబడకపోతే ఊపిరాడనట్టు ఏడుస్తుంది. అందుకని దూరం పోకుండా ఇంటి చుట్టూ ఉన్న నాలుగు వీధులే పరిగెత్తాలని నిర్ణయించుకుంది. మందుల షాపు, స్కూలు గోడ, పెట్రోలు బంకు, బేకరీ మూల, మళ్లీ ఇల్లు. చుట్టుకి నాలుగు నిమిషాలు. ముప్ఫై చుట్లు తిరిగితే ఇరవై ఒక్క కిలోమీటర్లు. బేకరీ మూల తిరిగేటప్పుడు తలెత్తితే రెండో అంతస్తులో తమ బాల్కనీ కనబడుతుంది. పిల్ల లేస్తే ఇంట్లో ఎవరో ఒకరు కమ్మీ మీద ఎర్ర తువ్వాలు వెయ్యాలి. ఆమె వచ్చేస్తుంది. అదీ ఏర్పాటు.

ఏర్పాటు బాగానే ఉంది. ఐదో చుట్టు దగ్గరే తెగిపోయేది.

రోజూ ఐదో చుట్టులో బేకరీ మూల తిరిగేసరికి ఎర్ర తువ్వాలు! కాళ్లు అప్పుడే వేడెక్కేవి, ఊపిరి అప్పుడే దారిలో పడేది. బేకరీ తాత తలుపులు తీస్తూ, ఆమె పరుగు చూసి అడిగేవాడు.

"ఏమ్మా, పోలీసులు ఎంత దూరంలో ఉన్నారు?"

"దగ్గరికొచ్చేశారు తాతా!" అని నవ్వుతూ అని, ఆ మూల తిరగ్గానే నవ్వు చంపుకుని మెట్లెక్కేది. ముప్ఫై చుట్లు పరిగెత్తాల్సిన మనిషి రెండు నెలల్లో ఆరో చుట్టు మొహం చూడలేదు.

ఆ గొడవ తర్వాత ఆమె ఒక నిర్ణయం తీసుకుంది. ఇకనుంచి పొద్దున పూట పిల్లని అత్తయ్య ముట్టుకోనక్కర్లేదు. ఆయన చూసుకుంటారు. ఆ మాట అత్తగారికి వినబడేలా, గోడతో చెబుతున్నట్టు చెప్పింది. అత్తగారు తల వంచుకుని తిన్న కంచం కడుక్కుంది. రెండు వారాలు ఆ ఇంట్లో ఆడవాళ్లిద్దరి మధ్య మాటల్లేవు. పిల్లే రాయబారం నడిపింది.

"నానమ్మా, ఉప్పు డబ్బా ఎక్కడుందో అడగమంది అమ్మ!"

"ఉన్నచోటే ఉందని చెప్పవే."

"అమ్మా, ఉన్నచోటే ఉందంట!"

అయినా ఐదో చుట్టుకి తువ్వాలు పడుతూనే ఉంది. భర్త పిల్లని ఎత్తుకుని గుమ్మంలో నిలబడేవాడు. "ఎంత జోకొట్టినా ఆగలేదు. నువ్వే కావాలంట మహారాణికి" అనేవాడు. పిల్లకి అలవాటైపోయింది కాబోలు అనుకుంది ఆమె. తన ఖర్మ అనుకుంది. అత్తయ్య చేసిన అలవాటు అనుకుని లోపల ఇంకో గిన్నెడు విషం నింపుకుంది.

పదిహేనో రోజు బూటు లేసు తెగింది.

నాలుగో చుట్టు చివర్లో తెగింది. ముడి వేద్దామంటే అందలేదు. ఇంట్లో ఇంకో లేసు ఉంది. తువ్వాలు లేకుండానే ఆమె మెట్లెక్కింది. బూటు చేత్తో పట్టుకుని, పిల్ల లేస్తుందేమోనని పిల్లిలా తలుపు తోసింది.

పడకగది తలుపు సగం తెరిచి ఉంది. భర్త మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతిలో నీళ్ల గ్లాసు. కుడి చేతిలో రుమాలు. రుమాలు నీళ్లలో ముంచాడు. పిండాడు. నిద్రపోతున్న పిల్ల అరికాలికి ఆనించాడు. పిల్ల కాలు ముడుచుకుంది. రెండో కాలికి ఆనించాడు. చేతి గడియారం చూసుకున్నాడు...

ఆమె చేతిలో బూటు నేల మీద పడింది.

అతను తిరిగి చూశాడు. పిల్ల లేచి ఏడుపు అందుకుంది. వంటింటి గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. ఆవిడ ముఖంలో ఆశ్చర్యం లేదు.

"మీకు... మీకు తెలుసా అత్తయ్యా?"

అత్తగారు కొంగుతో నోరు మూసుకుంది.

"తెలిసే నామీద వేసుకున్నాను" అంది. "కాపురం కదా అమ్మాయ్. వాడి మీద నీకు విరక్తి పుడితే ఎలా అనుకున్నాను. నామీద ఎలాగూ లేదు కదా ప్రేమ, పోయేదేముంది అనుకున్నాను..."

కోడలు గోడకి జారగిలబడింది. తను అన్న ప్రతి మాటా తిరిగొచ్చి తన చెంప మీదే పడుతున్నట్టుంది. కడుపున ఆడపిల్ల పుట్టి ఉంటే తెలిసేది అంది. మీరు లేకపోతేనే హాయి అంది. రెండు వారాలు ఆవిడ చేత్తో పిల్లకి ఒక్క ముద్ద పెట్టనివ్వలేదు!

"అత్తయ్యా..." అంటూ కూలబడి ఆవిడ కాళ్లు పట్టుకుంది.

"లే లే. మోకాళ్లు అలా నేలకి కొట్టుకోకు. రేపు పరిగెత్తాలి వాటితో" అంది అత్తగారు. అని, తనే భోరుమంది.

ఆ తర్వాత చెప్పింది. పెళ్లైన కొత్తలో ఆవిడ టీచరు ట్రైనింగుకి సైకిల్ మీద వెళ్లేదట. రోజు విడిచి రోజు టైర్లో గాలి ఉండేది కాదట. దారిలో ముళ్లు అనుకునేదట. ఆలస్యం, ఆలస్యం అని హాజరు తగ్గించి చివరికి పేరు కొట్టేశారట. మామగారు పోయే ముందు మంచంలో పడి ఉన్నప్పుడు తనే చెప్పాడట, గాలి తీసింది నేనేనని. చెప్పి, తేలికపడి పోయాడట.

"మీ మామయ్య నా సైకిల్లో గాలి తీశాడు. వీడు నీ పిల్ల నిద్రలో గాలి తీశాడు" అంది. "మొదటిరోజు ఆ తడికాళ్లు చూడగానే పోల్చుకున్నాను. ఇంటి చేతివాటం కదా."

భర్త అదే చోట మోకాళ్ల మీద ఉన్నాడు. గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది.

"ఎందుకు చేశారు?" అంది ఆమె.

అతను గ్లాసు కింద పెట్టాడు.

"మొదట్లో నాకు సంతోషమే. నిజంగా సంతోషమే. నువ్వు ఐదు చుట్లే తిరిగిన మొదటిరోజు బాల్కనీలో నిలబడి చూశాను. ఐదో చుట్టులో నువ్వు బేకరీ మూల తిరుగుతున్నావు. నవ్వుతున్నావు... ఎవరూ లేరు అక్కడ. ఎవరితోనూ కాదు, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు. ఆరేళ్లలో ఆ నవ్వు నేను చూడలేదు. నా దగ్గర ఎప్పుడూ అలా నవ్వలేదు నువ్వు. ఆ మనిషి ఎవరో నాకు తెలియదనిపించింది. ఇంకో రెండు చుట్లు తిరిగితే ఇంటికి రావేమోనని..."

"అందుకని?"

"అందుకని... ఐదో చుట్టుకి..."

అతను ఏడ్చాడు. మగవాడు ఏడిస్తే ఇల్లు కరిగిపోతుందంటారు కథల్లో. ఆమె కరగలేదు. లోపలికెళ్లి రెండో లేసు తెచ్చి, కింద కూర్చుని బూటుకి ఎక్కించింది. పన్నెండు కన్నాలు. ఒక్కో కన్నంలోంచి లాగుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"అడిగి ఉంటే ఆ నవ్వు ఏమిటో చెప్పేదాన్ని. కాళ్లు వేడెక్కితే వస్తుంది అది. మీకూ వస్తుంది, పరిగెత్తి చూడండి. రేపటినుంచి తువ్వాలు అత్తయ్య చేతిలో ఉంటుంది. మీరు పిల్ల దగ్గరికి పొద్దున పూట పోవద్దు."

అంతే అంది. మరుసటి రోజు మొదటిసారి ఆరో చుట్టు తిరిగింది.

ఆరు, తొమ్మిది, పదమూడు... మిగిలిన రెండున్నర నెలల్లో చుట్లు పెరిగాయి. బేకరీ తాత లెక్కపెట్టలేక వదిలేశాడు. "ఆ పోలీసులకైనా అలుపు రాదా!" అనేవాడు. వాన పడుతుంటే వానలో పరిగెత్తింది. నెలసరిలో పరిగెత్తింది. పిల్లకి జలుబు చేసిన వారం మాత్రం ఆగింది, ఆ వారంలో వెనకబడ్డ చుట్లు ఆదివారాలు తీర్చుకుంది. కాలి బొటనవేలి గోరు నల్లబడి ఊడింది. మిషను మీద కాలర్లు కుడుతూ కింద పెడల్ మీద పాదం ఆడుతుంటే లోపల ఒక లెక్క నడిచేది, చుట్టుకి నాలుగు నిమిషాలు, చుట్టుకి నాలుగు నిమిషాలు...

పిల్ల లేచిన రోజులు ఏడో ఎనిమిదో. ఆ రోజుల్లో అత్తగారు తువ్వాలు వేసింది, ఆమె వచ్చింది. మిగతా రోజులు కమ్మీ ఖాళీ. అత్తగారి చేతిలో తువ్వాలు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

భర్త మంచివాడైపోయాడు. నీళ్లు కాచి పెట్టేవాడు. ఆమె కాళ్లకి నూనె రాస్తానని గిన్నె పట్టుకొచ్చేవాడు. అక్కడ పెట్టండి, నేను రాసుకుంటాను అనేది ఆమె. గిన్నె పెట్టి వెళ్లేవాడు.

పందెం రోజు వచ్చింది. పొద్దున ఆరింటికి మొదలు. ఫ్యాక్టరీ నుంచి పదకొండు మంది పేర్లిచ్చారు. వాళ్ల సమయం రాసుకోవడానికి సూపర్‌వైజరమ్మ చిన్న నోటు పుస్తకం, పెద్ద గడియారంతో ముగింపు గీత దగ్గర కూర్చుంది. భర్త అక్కడే ఉంటానన్నాడు, బత్తాయిలు ఒలిచి డబ్బాలో పెట్టుకుని. ఇంట్లో అత్తగారూ పిల్లా.

"పద్నాలుగో కిలోమీటరు దగ్గర పెద్దరోడ్డు మీద మన బేకరీ ముందు నుంచే పోతుంది దారి" అని ముందురోజే చెప్పిందామె. "పిడుగూ, బాల్కనీలో నిలబడి నాకు చెయ్యి ఊపుతావా?"

"ఊపుతా! రెండు చేతులూ ఊపుతా!"

జనంలో మొదటి కిలోమీటరు నలిగింది. రెండో దానికి దారి దొరికింది. ఐదోదానికి ఊపిరి కుదిరింది. ఆ తర్వాత కాళ్లని ఆమె మోయలేదు, కాళ్లే ఆమెని మోశాయి. ఎన్నేళ్లకి! పక్కన ఇళ్లు, చెట్లు, మూసిన షాపులు వెనక్కి జరుగుతున్నాయి. ఎవరి అన్నం ఉడకలేదో, ఎవరి బనీను ఆరలేదో ఒక్కటీ గుర్తురాలేదు. ముఖం మీదికి నవ్వు అదే వచ్చింది. రానిచ్చింది. పదో కిలోమీటరు, పన్నెండు... చేతి గడియారం చూసుకుంది. ఇలాగే పోతే రెండు గంటలకి మూడు నిమిషాల ముందే చేరుతుంది!

గంటా పద్దెనిమిది నిమిషాలకి బేకరీ దగ్గరికి వచ్చింది.

"ఈసారి పోలీసులు వేలమంది ఉన్నారమ్మోయ్!" అని అరిచాడు తాత, చప్పట్లు కొడుతూ.

నవ్వుతూ తలెత్తి బాల్కనీ వైపు చూసింది. చెయ్యి ఊపుతున్న పిల్ల కోసం చూసింది.

పిల్ల లేదు. ఎర్ర తువ్వాలు ఉంది.

ఆమె కాళ్లు ఆగిపోయాయి. వెనక వస్తున్న మనిషి తగిలి, తిట్టుకుంటూ తప్పుకుపోయాడు. భర్త అక్కడ లేడు, గీత దగ్గర ఉన్నాడు. ఇంట్లో ఉన్నది అత్తయ్య. ఇవాళ ఎలాంటి రోజో అత్తయ్యకి తెలుసు. పిల్ల ఉత్తినే ఏడిస్తే ఇవాళ తువ్వాలు వెయ్యదు! వేసిందంటే... పడిందా? కాలిందా? ఊపిరాడ్డం లేదా? తువ్వాలు ఎప్పటిలా కమ్మీ మీద పరిచి కూడా లేదు. కింద ఊచల మధ్య నుంచి వంకరగా వేలాడుతోంది. ఆ చేతులు ఎంత వణికితే అలా వేస్తుంది!

ఆమె పక్కవీధిలోకి తిరిగింది.

"అమ్మా! అటు కాదు! దారి ఇటు!" తాత అరుస్తున్నాడు.

రెండంతస్తుల మెట్లు ఎలా ఎక్కిందో తెలియదు. తలుపు గడియ వేసి ఉంది. రెండు చేతులతో బాదింది. లోపల గిన్నె కింద పడ్డ చప్పుడైంది. అత్తగారు తలుపు తీసింది. చేతినిండా సబ్బు నురగ.

"అమ్మాయ్! నువ్వేమిటి ఇక్కడ? ఏమైంది?"

"పిల్ల! పిల్ల ఏది?"

"బాల్కనీలో ఉంది. నీకు చెయ్యి ఊపాలని పొద్దున్నుంచీ అక్కడే..."

పిల్ల బాల్కనీలోంచి పరిగెత్తుకొచ్చింది. గంతులు వేస్తోంది. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. మొహం వెలిగిపోతోంది.

"వచ్చింది! అమ్మ వచ్చింది! నానమ్మా, నేను తువ్వాలు వేశా, అమ్మ వచ్చేసింది!"

ఇద్దరు ఆడవాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నువ్వు వేశావా తల్లీ?" అంది ఆమె.

"ఊఁ! చెయ్యి ఊపితే చూస్తావు, వెళ్లిపోతావు. తువ్వాలు వేస్తే వస్తావు. రోజూ నాన్న నీళ్లు పెడతాడు, నేను ఏడుస్తా, నాన్న తువ్వాలు వేస్తాడు, నువ్వు వస్తావు కదా! ఇవాళ నేను ఏడవలేదు. ఏడవకుండానే వేసి, దాని వెనక దాక్కున్నా!"

ఎంత గర్వంగా చెప్పిందో పిల్ల. తడి రుమాలు ఆగిపోయి రెండున్నర నెలలైంది. తండ్రి మానేశాడు. పిల్ల నేర్చుకుంది.

తల్లి గుమ్మంలోనే కూలబడి కూతుర్ని గుండెకి హత్తుకుంది. కోపం రాలేదు. ఎవరి మీద వస్తుంది? అమ్మ కావాలని పిల్ల అడిగింది, తనకి తెలిసిన ఒకే ఒక్క భాషలో. ఆ భాష నేర్పినవాడు బత్తాయిలు పట్టుకుని గీత దగ్గర నిలబడ్డాడు... కాళ్లు బిగుసుకుపోతున్నాయి. ఒక నిమిషం, రెండు, మూడు... లేవాలనిపించలేదు. లేచి ఏం లాభం?

అత్తగారు పిల్లని ఆమె ఒళ్లోంచి లాక్కుంది. పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది.

"లే!" అంది అత్తగారు. ఆ గొంతు కోడలు ఎప్పుడూ వినలేదు. "నేను లేవలేదు ఆరోజు. గాలి లేని సైకిల్ పట్టుకుని ఇంటికి నడిచొచ్చాను. నడిచి వెళ్లి ఉండాల్సింది క్లాసుకి. ఆలస్యమైతే ఆలస్యంగానే వెళ్లి ఉండాల్సింది! లే అమ్మాయ్. ఇంకా ఏడు కిలోమీటర్లు ఉంది. పో!"

ఆమె లేచింది. మెట్లు దిగింది. వెనక పిల్ల ఏడుపు రెండు వీధుల దాకా వచ్చింది.

గీత దాటేసరికి రెండు గంటల నాలుగు నిమిషాలు.

సూపర్‌వైజరమ్మ గడియారం చూసింది, నోటు పుస్తకం చూసింది, ఆమె ముఖం చూసింది. "నాలుగు నిమిషాలే పిల్లా... కానీ నేనేం చెయ్యను? గడువు లోపల ఇద్దరు వచ్చారు. రాసేశాను" అంది. పెన్ను మూత పెట్టింది. రోజుకి రెండు గంటలు, ఏడాది పాటు. ఆ మూత కింద ఉండిపోయాయి.

భర్త జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. చేతిలో బత్తాయి డబ్బా.

"ఏమైంది? పన్నెండో కిలోమీటరు దగ్గర నిన్ను చూశామన్నారు, ముందున్నావన్నారు! కాలు పట్టేసిందా? పడ్డావా?"

"ఇంటికి వెళ్లాను."

"ఇంటికా? ఎందుకు?"

"తువ్వాలు వేసింది."

"అమ్మ వేసిందా! ఇవాళ కూడా..."

"అత్తయ్య కాదు. మీ కూతురు."

అతనికి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమవుతుంటే ముఖంలో నెత్తురు దిగిపోవడం ఆమె నిలబడి చూసింది. చూడాలనుకుంది కాబట్టి చూసింది. డబ్బా చేతిలోంచి జారింది, ఒలిచిన తొనలు దుమ్ములో పడ్డాయి. అతను అందరిముందూ ఆమె బూట్ల మీద చేతులు పెట్టి ఏడ్చాడు. నన్ను తిట్టు అన్నాడు. కొట్టు అన్నాడు. మళ్లీ వచ్చే ఏడాది అన్నాడు. చుట్టూ జనం చూసి, ఎంత ప్రేమ ఆయనకి అనుకున్నారు.

"కాళ్లు వదలండి. ఇంటికి నడిచి వెళ్లాలి" అంది ఆమె.

వెళ్లేసరికి అత్తగారు ఎర్ర తువ్వాలుని కత్తెరతో నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్కతో వంటింటి గట్టు తుడుస్తోంది. కొడుకు లోపలికి రాగానే ఆ తడిముక్క అతని చేతిలో పెట్టింది.

"ఇదిగో. నీకు తడిగుడ్డ అలవాటే కదా. గట్టు తుడువు" అంది. కొడుకు నోరెత్తకుండా తుడిచాడు.

పిల్ల ఆ వారమంతా తువ్వాలు ఏదని అడిగింది. తర్వాత మరిచిపోయింది. పిల్లలు మరిచిపోతారు.

వచ్చే ఏడు ఆ నోటీసు పడుతుందో లేదో ఎవరికీ తెలియదు. ఆమె మాత్రం మరుసటి సోమవారమే ఐదింటికి లేచింది. లేసులు బిగించుకుంది. మంచం మీద అత్తగారి పక్కన పిల్ల నిద్రపోతోంది, పాదాలు పొడిగా, దుప్పటి బయటికి.

క్షమించిందా అని అడిగేవాళ్లు అడుగుతారు. అన్నం వడ్డిస్తుంది. జ్వరం వస్తే మాత్ర ఇస్తుంది. నలుగురిలో పక్కన కూర్చుంటుంది. అడిగినదానికి జవాబు చెబుతుంది. దీన్ని క్షమించడం అంటే, క్షమించింది.

భర్త రోజూ పొద్దున్నే లేచి బాల్కనీలో నిలబడతాడు. ఖాళీ చేతులు కమ్మీ మీద పెట్టుకుని, బేకరీ మూల వైపు చూస్తూ ఉంటాడు, ఆ నవ్వు మళ్లీ ఒక్కసారి కనబడుతుందేమోనని. ఆమె పరిగెత్తుతూనే ఉంది. అవే నాలుగు వీధులు, అవే చుట్లు. కాకపోతే ఇప్పుడు ఎదురు దిశలో తిరుగుతుంది. ముందు బేకరీ, తర్వాత పెట్రోలు బంకు, స్కూలు గోడ, మందుల షాపు. బేకరీ మూల తిరిగేటప్పుడు బాల్కనీ ఆమె వీపు వెనక ఉంటుంది.